ఒక మాటకు ఒక గంటె

ఇప్పటి పిల్లలకు ఏ మాట కావాలన్నా ఫోన్‌లో దొరుకుతుంది. కట్టెల పొయ్యి ఊది ఊది నా కళ్లు ఎర్రబడే ఆ రోజుల్లో, మా బడిలో ఇంగ్లీషు మాట దొరికే చోటు ఒక్కటే, నా పప్పుచారు గిన్నె దగ్గర. నవ్వకండి. నేను చదివింది రెండో తరగతే. అదీ నర్మెట్ట దగ్గర మా ఊళ్లో, తమ్ముణ్ణి చంకనేసుకుని. పెళ్లయి తొర్రూరు వైపు వచ్చి, ఆరు నుంచి ఎనిమిది దాకా తరగతులున్న బడిలో మధ్యాహ్నం వంటకు కుదిరిన కొత్త అది. బియ్యం గింజ కింద పడితే వంగి ఏరే మనిషిని. (ఇప్పటికీ ఏరుతాను, లేవడమే కష్టం.)

మా ఇంగ్లీషు సారుకు ఒకటే బాధ. బోర్డు మీద రాసిన మాట బోర్డు తుడవగానే పిల్లల తలల్లోంచి కూడా పోతుందట. ఒక పూట పొయ్యి దగ్గరికి వచ్చి, "అక్కా, పిల్లలు నీ లైన్ల నిలబడ్డంత బుద్ధిగ నా క్లాసుల నిలబడరు. నువ్వు వడ్డించేటప్పుడు ఒక్కొక్కల్ని ఒక ఇంగ్లీషు మాట అడుగు. ఉప్పు, గంటె, కోడి, ఏదైనా సరే" అన్నాడు.

"నాకు ఇంగ్లీషు ఎక్కడొస్తది సారూ?"

"నీకు రానక్కర లేదక్కా. నువ్వు జర గట్టిగ నిలబడు, చాలు."

గట్టిగా నిలబడడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. పైగా అందులో ఇంకో లాభం కనిపించింది. ఒక మాటకు ఒక గంటె, రెండో గంటె కావాలంటే రెండో మాట అని పెట్టాననుకోండి, చారు చివరి పిల్లవాడి దాకా వస్తుంది! మరి చెప్పిన మాట తప్పో ఒప్పో ఎట్లా తెలియాలి? అంగట్లో కూరగాయల బేరం చేసే పద్ధతే ఇక్కడా పెట్టాను. రెప్ప కొట్టకుండా చెప్పినవాడిది నిజం, నసిగినవాడిది అబద్ధం. (ఆ పద్ధతితో ఎన్నిసార్లు పుచ్చు వంకాయలు తెచ్చానో మా ఇంటాయనకు తెలుసు.) క్లాసులో అందరికంటే మంచి మార్కులొచ్చే పిల్లవాడు భయపడుతూ సరైన మాటే చెప్పినా, "నసుగుతున్నవ్, వెనకకు పో" అని లైను చివరికి తోలాను. పాపం, వాడు సారు దగ్గరికి పోయి ఏడ్చాడట.

ఆ ఏడాది ఆరో తరగతిలో తండా నుంచి ఒక పిల్ల చేరింది. అయిదు దాకా తండా బడిలోనే చదివింది. అక్కడి సారుది కూడా వాళ్ల మాటే. ఇక్కడికి వచ్చేసరికి తెలుగే కొత్త, ఇక ఇంగ్లీషు సంగతి చెప్పేదేముంది? ఎవరేం అడిగినా కాళ్ల వేళ్లు చూసుకునేది. పిల్లలు మూగపిట్ట అని పేరు పెట్టారు. "వాళ్లమ్మ కబురు పంపిందక్కా," అన్నాడు సారు దిగులుగా. "పిల్లకు చదువు అంటుతలేదట, శనివారం వచ్చి ఖమ్మం దిక్కు మిర్చి ఏరనీకి తోల్కపోతదట. నోరు తెరువని పిల్లను ఉంచుమని నేను ఏం మొఖం పెట్టుకొని అడుగుత?"

ఆ పిల్ల లైనులో నా ముందుకొచ్చింది. జాలి లేక కాదు గానీ, ఒకరికి వదిలితే అందరూ మూగపిట్టలే అవుతారు. "మాట చెప్పు బిడ్డా. చెప్పకుంటే పక్కకు జరుగు." ప్లేటు గుండెకు ఆనించుకుని నిలబడింది. ఉప్పు డబ్బా వైపు చూసింది. తర్వాత తల ఎత్తి, రెప్ప కొట్టకుండా, "లూణ్" అంది.

అబ్బ, ఆ ధైర్యం! ఇంగ్లీషంటే అట్లా ఉండాలనుకున్నాను. "శభాష్! చూసిండ్రా, గట్ల చెప్పాలె!" అని ఒకటికి రెండు గంటెలు పోశాను. నా చేతి నుంచి అడగకుండా రెండో గంటె పడడం బడిలో అదే మొదలు. మర్నాటి నుంచి లైనంతా లూణే. గుడ్డు పెట్టిన రోజు ఆ పిల్ల "కూకడి" అంటే, వెనకాల అందరూ కూకడి. గుడ్డు పెట్టే కోడికి ఇంగ్లీషు పేరన్నమాట అని నేనూ మనసులో పెట్టుకున్నాను. సారు స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా విప్పుకునే వేళ కదా, ఆయన చెవిన పడలేదు. "చెప్తున్నరా అక్కా?" అని అడిగితే, "దంచుతున్నరు సారూ" అన్నాను.

నేర్చిన విద్యను ఊరికే ఉంచడం నాకు చేతకాదు. కిరాణా కొట్టుకు పోయి, "ఒక లూణ్ పాకెట్ ఇయ్యి" అన్నాను. కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, "ఎప్పుడు నేర్చినవ్ వదినా గీ బాస?" అన్నాడు. "బడిల పనిచేస్తున్న, గా మాత్రం రాదా?" అన్నాను కొంగు సర్దుకుంటూ. ఆయన చటుక్కున ఉప్పు పాకెట్ తీసి ఇచ్చాడు. ఇంగ్లీషుకు ఎంత విలువో అనుకుంటూ ఇంటికొచ్చాను.

శనివారం తల్లి రానే వచ్చింది. సరిగ్గా వడ్డించే వేళకు వచ్చి వరండా స్తంభం పక్కన నిలబడింది. సారు కూడా బయటికొచ్చాడు. పిల్లను తీసుకుపోవడానికే వచ్చిందనుకున్నాను. అయినా లైను లైనే. ఒక్కొక్కరే వస్తున్నారు. "లూణ్!" "లూణ్!" "కూకడి!" చూస్తే ఆ తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేటట్టు నవ్వుతోంది.

"నవ్వుతవేంది చెల్లె? నీ బిడ్డ మూగది కాదు. గీ ఇంగ్లీషు అందరికి నేర్పింది నీ బిడ్డనే!"

"ఇంగ్లీషా?" అంది ఆమె నవ్వు ఆపుకోలేక. "గిది మా తండ బాస అక్కా! ఉప్పుకు మేము గట్లనే అంటం."

నా చేతిలోంచి గంటె జారి చారులో మునిగిపోయింది. సారు మొహం చూడాలంటే నాకు సిగ్గు. కొట్టాయన ఎందుకు అట్లా చూశాడో అప్పుడు తెలిసింది. ఆ పిల్ల ప్లేటును మళ్లీ గుండెకు ఆనించుకుంది.

సారు వంగి మెల్లగా అడిగాడు, "మరి ఉప్పును ఇంగ్లీషుల ఏమంటరో తెల్వదా బిడ్డా?"

"సాల్ట్" అంది.

"తెలిసి ఎందుకు చెప్పలే?" అన్నాను నేను.

"తప్పు పోతదని భయమైంది పెద్దమ్మా. మా తండ మాటైతే నాకు తప్పు పోదు."

పిల్ల బడిలో అంత పొడుగు మాట మాట్లాడడం అదే మొదటిసారి. నేనే గంటె తీసి తుడుచుకుంటూ తల్లితో అన్నాను, "తోల్కపోతే పో చెల్లె. కని మా పిల్లలు మీ బాస రెండు మాటలే నేర్చిండ్రు. మిగిలినయి ఎవలు చెప్పాలె? నువ్వొచ్చి చెప్తవా?"

ఆమె బిడ్డను దగ్గరికి లాక్కుంది. "పాఠం అంటుతలేదంటే అనుకున్న... బడి మొత్తానికి ఇదే పంతులమ్మ అయిందాయె" అని కళ్లు తుడుచుకుంది. "మిర్చికి నేను పోత. పిల్ల మా అత్తకాడ ఉంటది."

"అయితే కూసో, తిని పో. కని మాట చెప్పనిదే గంటె పడది. నీకూ అంతే."

ఆమె సిగ్గుపడి బిడ్డ చెవి దగ్గర వంగింది. బిడ్డ ఏదో చెప్పింది. తల్లి తలెత్తి, రెప్ప కొట్టకుండా, "సాల్ట్" అంది. రెండు గంటెలు పోశాను.

సోమవారం నుంచి సారు కొత్త రూలు పెట్టాడు. ఒక్కో వస్తువుకు తండా మాట, తెలుగు మాట, ఇంగ్లీషు మాట, మూడూ చెప్పాలి. చెప్పడం అయ్యేసరికి చారు చల్లారేది, కానీ ఆ పిల్ల మాత్రం లైను పక్కన నిలబడి తప్పు చెప్పినవాళ్లను దిద్దేది. నేను వెనక్కి తోలిన పిల్లవాడు నసిగినా, చెప్పింది సరైన మాటేనని ఆ పిల్ల అనడంతో వాడికి కూడా అప్పుడే న్యాయం జరిగింది.

మొన్న ఆరో తరగతి చదివే మనవరాలు ఫోన్ పట్టుకుని, "అవ్వా, నీకొచ్చిన మొదటి ఇంగ్లీషు మాట ఏంది?" అని అడిగింది.

"లూణ్" అన్నాను.

అది ఫోన్‌లో ఇంగ్లీషు మాటలన్నీ తిరగేసి, "గట్లాంటి మాటే లేదవ్వా" అంది.

"ఉంటది. మంచిగ దేవులాడు" అన్నాను, రెప్ప కొట్టకుండా.