ట్రయల్ కోసం రాసిన పేరు

దెయ్యాలంటే నాకు భయం లేదు, ఎందుకంటే నమ్మకం లేదు. మా ఇంట్లో దిష్టి తీయడం, శకునం చూడటం మా అత్తగారి శాఖ. నేను బయల్దేరేటప్పుడు పిల్లి ఎదురొచ్చిందంటే ఆవిడ కాసేపు కూర్చుని వెళ్ళమంటుంది. కూర్చుంటాను. పిల్లికి భయపడి కాదు, ఆవిడతో వాదించే ఓపిక లేక. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇప్పుడు రాయబోయేది చదివి నన్ను కూడా ఆ బాపతులో కలిపేస్తారని.

నేను గుంటూరులో ఉంటాను. బ్రాడీపేటలో ఒక మేడమీద గది మా ఆఫీసు. ఆఫీసంటే నేనూ, ఒక ప్రింటరూ. మిల్లులకీ కోల్డ్ స్టోరేజీలకీ సాఫ్ట్‌వేర్ పెట్టి, వాళ్ళ పనికి తగ్గట్టు సర్ది, వాళ్ళ మనుషులకి నేర్పి రావడం నా పని. కంప్యూటర్ గురించి నాకు తెలిసిన సత్యం ఒకటే. అది చెప్పింది చేస్తుంది, చెప్పనిది చెయ్యదు. మనుషులతో పోలిస్తే ఎంతో నయం అనుకునేదాన్ని.

మొన్నటి మిర్చి సీజన్లో ఊరి బయట ఒక కోల్డ్ స్టోరేజీలో లాగ్‌బుక్ పని ఒప్పుకున్నాను. అప్పటిదాకా అక్కడ అంతా రిజిస్టర్లే. ఏ ఛాంబర్లో చలి ఎంత ఉంది, అమ్మోనియా కంప్రెసర్ ప్రెషర్ ఎంత, ఏ తలుపు ఎవరు తీశారు, అన్నీ షిఫ్టులో ఉన్న ఆపరేటర్ చేత్తో రాసేవాడు. ఒకరి రాత ఇంకొకరికి అర్థమయ్యేది కాదు. ఇక మీదట అందరూ ఒకే ట్యాబ్‌లో రాయాలి, ఎవరు ఏది రాశారో తెలియాలి. యజమాని అడిగింది అదీ.

ఆ సాఫ్ట్‌వేర్ ఏ విదేశీ ఫ్యాక్టరీ కోసమో తయారైంది. సగం గడులు మనకి దండగ, తీసేశాను. మిగిలినవాటికి తెలుగు పేర్లు పెట్టాను. సరుకు అన్నచోట టిక్కీలు అని మార్చాను, ఇక్కడ మిర్చి బస్తాని టిక్కీ అంటేనే అర్థమవుతుంది. ఎవరి పిన్ నంబరు వాళ్ళకి విడిగా ఇచ్చాను. సాయంత్రానికల్లా అందరూ ఒకరి నంబరు ఒకరికి చెప్పేసుకున్నారు. మాలో మాకు దాపరికం ఏముందండీ అన్నారు. తల పట్టుకుని అన్నీ మళ్ళీ మార్చాను. షిఫ్టు దిగేవాడు రాసిపెట్టింది చదివానని ఎక్కేవాడు నొక్కితేగానీ పేజీ ముందుకి కదలకుండా చేశాను. దానికి నన్ను బాగానే తిట్టుకుని ఉంటారు.

తిట్టుకోని మనిషి షిఫ్టు ఇన్‌చార్జి సాంబయ్యగారు. ఆయన నన్ను ఒక్కటే అడిగారు. ప్రమాదం జరిగితే నింపే పేజీలో దెబ్బ తగిలినవాడి ఇంటి ఫోన్ నంబరు తప్పనిసరి చెయ్యాలి, సేవ్ చెయ్యగానే ఆ ఇంటికి మెసేజ్ వెళ్ళాలి.

"హమాలీకి ఏదన్నా అయితే ఊరందరికీ తెలిశాక ఇంట్లోవాళ్ళకి తెలుస్తుందండీ. ఆ ఒక్కటీ చేసి పెట్టండి మేడం, మిగతావి మీ ఇష్టం" అన్నారు.

న్యాయమే అనిపించింది. మెసేజ్ నేనే తెలుగులో రాశాను. మనిషి పేరు, ఏం జరిగింది, ఎక్కడికి తీసుకెళ్ళారు, కోల్డ్ స్టోరేజీ పేరు, దారి. చివర 'కంగారు పడకుండా తోడుగా ఒకరిని తీసుకుని రండి' అని ఒక ముక్క కలిపాను. ఇలాంటి మెసేజీల్లో ఆ మాట ఎవరూ రాయరు. నాకు ఆ క్షణాన తోచి రాశాను. మెసేజీలు పంపే కంపెనీతో యజమాని బేరం ఇంకా తెగలేదు. అంటే మాటలు సిద్ధంగా ఉన్నాయి, వాటిని బయటికి పంపే దారి మాత్రం ఇంకా లేదు. ఇది గుర్తుపెట్టుకోవాలి.

మర్నాడు పొద్దున ఆపరేటర్లని కూర్చోబెట్టి ఒక్కో పేజీ నింపించాను. అన్నీ చకచకా నింపారు. ప్రమాదం పేజీ దగ్గరికొచ్చేసరికి ఎవరూ ట్యాబ్ ముట్టుకోలేదు. ట్రయలే కదా, ఎవరో ఒకరి పేరు కొట్టండి అన్నాను. రమేష్ అనే ఆపరేటర్ నవ్వుతూ తన పేరే కొట్టబోతే సాంబయ్యగారు చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఒరేయ్, తథాస్తు దేవతలుంటారు. ఆటకైనా బతికున్న మనిషి పేరు అక్కడ రాయకూడదు."

పోనీ నా పేరు రాయండి అన్నాను. అది అసలే వద్దన్నారు, పిల్లలున్నదాన్నట. చివరికి అందరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఆ ప్రాంగణంలో ఎవరికీ లేని పేరు, వాళ్ళ చుట్టాల్లో కూడా లేని పేరు రాయాలి. మనిషే లేకపోతే దోషమే లేదు. పేర్లు వెతకడం మొదలుపెట్టారు. సుబ్బారావంటే వాచ్‌మన్ పేరు. కోటేశ్వరరావన్నారు, ఈ చుట్టుపక్కల కోటేశ్వరరావు లేని కొంప ఉంటుందా. అలా ఒక్కోటీ కొట్టేసుకుంటూ పోతే చివరికి నాగభూషణం మిగిలింది. ఆ పేరుతో ఎవరికీ ఎవరూ లేరు.

మిగతా గడులు తలా ఒకటి చెప్పారు. తాత్కాలిక హమాలీ. టిక్కీలు జారి మీద పడ్డాయి. స్పృహ లేదు. పెద్దాసుపత్రికి పంపాం. ఇంటి ఫోన్ దగ్గర పది అంకెలు ఉంటేగానీ సాఫ్ట్‌వేర్ ఊరుకోదు కాబట్టి నేను అంకెలవైపు చూడకుండానే ఏవో పది నొక్కాను. సేవ్ అయింది. మెసేజ్ గడిలో 'పంపలేదు' అని వచ్చింది. రావలసింది అదే. తర్వాత అందరం టీ తాగాం.

తర్వాతి రోజు నేను వెళ్ళేసరికి గేటు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. నలభై ఉండొచ్చు. చేతిసంచిలోంచి ఫ్లాస్కు మూత, మడత పెట్టిన లుంగీ కనిపిస్తున్నాయి. ఆసుపత్రికని సర్దుకుని వచ్చిన సంచి అది. చూడగానే తెలిసిపోతుంది.

"నాగభూషణం ఇంటిదాన్నండీ, నాంచారమ్మని. నిన్న మీ దగ్గర్నించి కబురొచ్చింది. తోడెవరూ దొరకలా, ఒక్కదాన్నే వచ్చేశా. ఆసుపత్రి ఎటో చెప్తే పోతానమ్మా" అంది.

ఫోన్ చూపించమన్నాను. చూపించింది. నా మాటలే. పేరు, టిక్కీలు, స్పృహ లేదు, పెద్దాసుపత్రి. చివర 'కంగారు పడకుండా తోడుగా ఒకరిని తీసుకుని రండి'. తను చదువుకోలేదట, సాయంత్రం పక్కింటి పిల్ల బడినించి వచ్చాక చదివి చెప్పిందట.

యజమాని నన్ను లోపలికి పిలిచి, మన హమాలీల్లో ఆ పేరుగలవాడు లేడు, పొరపాటని చెప్పి పంపించెయ్యమ్మా అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. బయటికొచ్చి అదే చెప్పాను.

"లేడంటే ఎట్టాగమ్మా, పేరు రాశారుగా" అంది.

వాళ్ళది చీరాల పక్క పల్లె. మగ్గం ఉంది. నేతలో గడవక ఆయన సీజన్‌కి గుంటూరు వచ్చి టిక్కీలు మోస్తున్నాడు. ఊళ్ళో మాత్రం ఏదో కంపెనీలో సూపర్‌వైజర్‌నని చెప్పుకున్నాడు. ఏ గోడౌనో ఆవిడకీ చెప్పలేదు. కొన్నాళ్ళుగా ఫోన్ కలవడం లేదు. ఇంత చెప్పి, ఆసుపత్రి ఎటు అని మళ్ళీ అడిగింది.

స్కూటర్ మీద ఎక్కించుకున్నాను. జాలిపడి అనుకోకండి. అక్కడ ఎవరూ లేరని చూపిస్తే ఆవిడా కుదుటపడుతుంది, నేనూ కుదుటపడతానని. పొరపాటు ఎక్కడ జరిగిందో తర్వాత తీరిగ్గా వెతుక్కోవచ్చు అనుకున్నాను.

ఆసుపత్రి రిజిస్టర్లో నాగభూషణం లేడు. సగం బరువు దిగిపోయింది నాకు. వెనక్కి తిరుగుతుంటే అక్కడి పోలీసు ఔట్‌పోస్ట్‌లో కానిస్టేబుల్, ఏం కేసమ్మా అని అడిగాడు. టిక్కీలు మీద పడ్డాయట అన్నాను. ట్రయల్‌లో రాసిందే చెప్పాను, నోటికి అదే వచ్చింది. ఆయన తలెత్తి చూశాడు.

నిన్న మధ్యాహ్నం భోజనాలవేళ ఒక మనిషిని ఆటోలో తెచ్చి దించారట. తెచ్చినవాడు టిక్కీలు పడ్డాయని మాత్రం చెప్పి, పేరూ ఊరూ అడిగేలోపు వెళ్ళిపోయాడట. ఆ మనిషికి తెలివి రాలేదు. తెల్లవారుజామున పోయాడు. పేరు తెలియదని రాసి మార్చురీలో పెట్టారు.

లోపలికి ఇద్దరం వెళ్ళాం. గుడ్డ తీశారు. "ఆయనే" అంది నాంచారమ్మ. జుట్టులో మిరపగింజలు ఇరుక్కుని ఉంటే వంగి ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంది. అన్నీ ఏరాక అప్పుడు ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, భయమూ వెయ్యలేదు. ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను గానీ అది నా చెయ్యిలా లేదు.

మేం ట్రయల్ రాసింది పొద్దున. ఆయన్ని తెచ్చింది మధ్యాహ్నం. నిన్న కబురు ఎప్పుడొచ్చిందని ఆవిణ్ణి అడిగాను. ఫోన్ మోగేసరికి పొయ్యి మీద పొద్దుటి అన్నం ఉడుకుతోందట, ఇంకా వార్చలేదట.

కాగితాలవీ పూర్తయ్యాక ఆవిడ నంబరు తీసుకుని నాది ఇచ్చాను. శవంతో వ్యాన్ వాళ్ళ ఊరికి కదిలాక నేను కోల్డ్ స్టోరేజీకి తిరిగి వచ్చాను. ట్యాబ్ తీసి చూశాను. మెసేజ్ గడిలో 'పంపలేదు' అనే ఉంది. నేను నొక్కిన పది అంకెలూ, ఆవిడ నంబరూ పక్కపక్కన పెట్టి సరిచూశాను. రెండూ ఒకటే. మెసేజీల కంపెనీకి ఫోన్ చేస్తే, మీకు మా దగ్గర అకౌంటే లేదు కదండీ అన్నారు. ఎవరైనా ఆకతాయితనంగా పంపారా అని కూడా ఆలోచించాను. ఆ మాటలు తెలిసింది ఆ గదిలో ఉన్నవాళ్ళకే. ఆ నంబరైతే నొక్కిన నేను కూడా చూడలేదు.

నాగభూషణం అనే పేరు ముందు ఎవరన్నారని అడిగాను. సాంబయ్యగారే అన్నారని రమేష్ చెప్పాడు. సాంబయ్యగారు నా మొహంలోకి చూసి, "మీరే అన్నారు మేడం" అన్నారు. నాకు అన్నట్టు గుర్తులేదు. అనలేదని ప్రమాణం చెయ్యమంటే చెయ్యలేను.

నాగభూషణం మా వైపు అరుదైన పేరేం కాదు. సీజన్లో టిక్కీలు మీద పడటం ఎక్కడో ఒకచోట జరిగేదే. ఒక్కోటీ విడివిడిగా తీసుకుంటే దేనికైనా సమాధానం చెప్పగలను. అన్నీ కలిపి అడిగితే నా దగ్గర లేదు. ఆయన ఏ గోడౌన్లో పనిచేశాడో పోలీసులకీ తేలలేదు. మా దగ్గర అని ఎవరూ ఒప్పుకోలేదు.

అసలు వాడకం మొదలయ్యే ముందు ట్రయల్ ఎంట్రీలన్నీ తుడిచెయ్యాలి. అది పద్ధతి. తుడిచేశాను. అప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. ఇంటికెళ్ళి వంట చేశాను, పిల్లలకి వడ్డించాను. ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే లోపల ఏదో మొద్దుబారిపోయి ఉంటుంది. దుఃఖమని కూడా అనలేను.

పెద్దకర్మ అయిపోయాక నాంచారమ్మ ఫోన్ చేసింది. నిజం చెప్పేద్దామనే ఎత్తాను. అది మేం పంపింది కాదమ్మా, మాకు మీ ఆయన ఎవరో కూడా తెలియదు అని మాటలు కూడా కూర్చుకున్నాను.

"మీరు కబురు పెట్టకపోతే అనాథ శవం కింద పోయేవాడమ్మా" అంది ఆవిడ. "నేనేమో ఇయ్యాలొస్తాడు, రేపొస్తాడు అని బతికినన్నాళ్ళూ గుమ్మంలో కూచునేదాన్ని. ఆ ఎదురుచూపు తప్పించావు తల్లీ. నీ పిల్లలు చల్లగా ఉండాలి."

సరేనమ్మా అన్నాను. కబురు పెట్టింది నేను కాదని చెప్పాలంటే, మరెవరు పెట్టారో చెప్పాలి కదా. నా దగ్గర ఎవరి పేరూ లేదు.