రేకు డబ్బా పాఠం

మా అమ్మాయికి ప్రతి సోమవారం కడుపునొప్పి. ఏలూరులో ఇద్దరు డాక్టర్లకు చూపించాం, ఏమీ లేదన్నారు. బడి మానిపిస్తే పదింటికల్లా తగ్గిపోయేది. నెల తిరిగేసరికి అసలు బడికే వెళ్లనని కూర్చుంది. అడగ్గా అడగ్గా చెప్పింది. సోమవారం ఇంగ్లీషు పాఠం పైకి చదివిస్తారట. తప్పు చదివితే గంట కొట్టేదాకా బెంచీ ఎక్కి నిలబడాలట.

మర్నాడే దాన్ని వెంటబెట్టుకుని హెడ్మాస్టరు గదికి వెళ్లి, బెంచీ ఎక్కించడమేమిటని అడిగాను.

"నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అండీ. ట్రైనింగులో చెప్పారు" అన్నాడాయన నవ్వుతూ.

ఒళ్లు మండిపోయింది. నేనూ బీఎడ్ చదివినవాణ్ణే. ఉద్యోగం రాక కొల్లేరు పక్కన చేపల చెరువు చేసుకుంటున్నాను.

"దాన్ని శిక్ష అంటారండీ! నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటే బాధపెట్టడం కాదు, ఉన్న బాధ తీసెయ్యడం. ఏం చేస్తే బాధ పోయిందో మనిషి మళ్లీ అదే చేస్తాడు. కడుపునొప్పి అంటే మీ బెంచీ తప్పింది. ఇక నొప్పి రాక ఏం చేస్తుంది? మీరు దీనికి ఇంగ్లీషు నేర్పలేదు, కడుపునొప్పి నేర్పారు!"

"మరి క్లాసు అదుపులో ఉండాలి కదండీ?"

"మా చెరువు కాపలా ఆయన పక్షులు వాలితే రేకు డబ్బా వాయిస్తాడు. లేచిపోతాయి, గంటకి మళ్లీ వాలతాయి. అవి నేర్చుకుందేం లేదు. నేర్చుకుంది ఆయనే, డబ్బా కొడితే పీడ పోతుందని. ఇప్పుడు పెళ్లాం పలకరించినా డబ్బానే కొడుతున్నాడు. మొన్నొక గూడబాతు విసిగిపోయి, డబ్బా లాక్కుని తనే వాయించింది. మీ టీచరుగారూ అంతే. అరిస్తే క్లాసు ఊరుకుంటుంది, అందుకే ఇంకా అరుస్తారు."

"గూడబాతు వాయించిందాండీ?"

"అదొక్కటే అబద్ధం!" అని బల్ల గుద్దాను. పక్క క్లాసులన్నీ చప్పుడు చేయడం మానేశాయి.

"బాబ్బాబు, అరవకండి. ఇక నిలబెట్టం, కూర్చునే చదువుతుంది."

గెలిచానన్న పొగరుతో బండి తీశాను. వెనక కూర్చున్న మా అమ్మాయి అంది: "నీ అరుపు ఆగాలనే ఒప్పుకున్నారు నాన్నా. ఇంట్లో కూడా ఇలాగే మొదలెట్టకు."

సోమవారం పొద్దున్న సంచీ తగిలించుకుని, కడుపు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"నొప్పా?"

"కొంచెం."

గొంతు పైకి లేవబోయింది. ఆ ఇంగ్లీషు టీచరు మీద, ఆ హెడ్మాస్టరు మీద, నెలంతా సోమవారాలు ఇంట్లో ఉండమన్న నా మీద. అరుపు మింగేశాను.

"నొప్పితోనే వెళ్దాం పద. దారిలో గూడబాతు సంగతి మిగతాది చెబుతాను."

గేటు దగ్గర దిగి, చెయ్యి కడుపు మీదే ఉంచుకుని, లోపలికి వెళ్లింది.