రూతమ్మ టీచర్‌తో చెప్పని మాట

పోయిన బుధవారం పొద్దున్నే ఆళ్లగడ్డ నుంచి ఫోను. "రూతమ్మ టీచర్ పోయినారు మేడం" అన్నారు. గడివేముల బడిలో నా ముందున్న పిల్లలు "ఏమాయె మేడం?" అని అడుగుతాంటే సుద్దముక్క బల్ల మీద పెట్టేశాను. ఆరు, ఏడు తరగతుల పసివాళ్లకు వేదికనెక్కి మాట్లాడే ధైర్యాన్ని ప్రసాదించడమే జీవితవ్రతంగా బతికిన ఆ విద్యామూర్తి శాశ్వత మౌనంలోకి వెళ్లిపోయారంటే నమ్మబుద్ధి కాలేదు. అంతకన్నా నన్ను కుదిపింది ఇంకొకటి. ఆమె దగ్గర ఒప్పుకోవాల్సిన తప్పొకటి నాలోనే మిగిలిపోయింది.

నేను ఏడో తరగతిలో ఉండగా నంద్యాలలో వక్తృత్వ పోటీ పెట్టారు. విషయం నీటి విలువ. "జలమే సకల జీవకోటికి ప్రాణాధారం" అంటూ టీచర్ స్వహస్తాలతో రెండు పేజీల ప్రసంగం రాసిచ్చారు. గాజుల అంగడి షరీఫ్ కూతురినైన నేను అంత సంస్కృతం పలికితే నంద్యాల అదిరిపోవాలని ఆమె ముచ్చట. నేనేమో డోన్‌లో మా ఖాలా కూతురి పెండ్లికి పోయి, ఆ కాగితం మడత కూడా విప్పలేదు. వేదికెక్కి "జలమే" అన్నాను. మళ్లీ "జలమే" అన్నాను. మూడోసారి ఏడుపొచ్చి దిగి వచ్చేశాను.

మరునాడు ప్రార్థన కాగానే టీచర్ బడి మొత్తం ముందర నిలబడ్డారు. "తప్పు షమీమ్‌ది కాదప్పా, నాది. నా మాటలు తెచ్చి పాప నోట్లో కుక్కినా. అవి యాడ దిగుతాయి?" అన్నారు. ఒక పెద్దమనిషి పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు. నేను మాత్రం తలొంచుకుని నిలబడ్డాను. పిరికిదాన్ని!

ఆ రోజు నుంచి ఆమె ఎవరికీ ప్రసంగం రాసివ్వలేదు. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, "మీ ఇంటికి నీళ్లు ఎట్లొస్తాయి? ఎవురు తెస్తారు? నాకేం తెలీదనుకో, చెప్పు" అనేవారు. పిల్ల చెప్పిందే కాగితం మీదికెక్కేది. "మాట ముందు, కాగితం వెనక" అన్నది ఆమె సూత్రం. ఆ తర్వాత మైదానం ఆ చివర పిల్ల, ఈ చివర టీచర్. "వినపడలా! మీ నాయన చేన్లో ఉండాడనుకుని పిలువు!" అని కేకేసేవారు. నత్తి ఉన్న పిల్ల తడబడితే మాత్రం గొంతు తగ్గించి, "నిదానంగా రానీ తల్లీ, మేం యాడికీ పోము" అనేవారు.

నేనూ టీచరునయ్యాక ఎన్నిసార్లు ఆళ్లగడ్డ పోయానో! ప్రతిసారీ ఈసారి చెప్పేద్దామనుకోవడం, ఆమె నన్ను పక్కింటివాళ్లకు చూపించి "ఈ పిల్ల వల్లే నాకు బుద్ధొచ్చింది" అనడం, నేను టీ తాగి లేచి రావడం. సిగ్గులేని జన్మ నాది.

చర్చిలో జరిగిన సంస్మరణ సభలో వక్తలందరూ ఆ బోధనా పద్ధతినే శ్లాఘించారు. నా వంతు రాగానే ఉన్నదున్నట్టు చెప్పేశాను. "ఆ పొద్దు నేను కాగితం చదవనే లేదు. టీచర్ తప్పేం లేదు." ముందు వరుసలో ఆమె దగ్గర చదువుతున్న పాప ఒకతె లేచి, "నువ్వు చదివింటే ఇప్పటికీ మాకందరికీ ఆ జలమే గతి గద మేడం!" అంది. ఏడుస్తున్నవాళ్లు కూడా గొల్లున నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ఆ మహోపాధ్యాయురాలికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. క్షమిస్తారని నాకు తెలుసు, నాకు కావలసింది అది కాదు. "ఎంత పని చేస్తివే!" అని నా నెత్తిన ఒక్క మొట్టికాయ వేయడానికి ఇక టీచర్ లేరు.