పదకొండు నుంచి ఇరవై ఒకటి దాకా

జిసెల్లా మాస్కెరోని పని, ఇతరులు కట్టిన తూకాలను కుదిపి చూడటం. ఒక సరస్సు ఒడ్డున ఉన్న పరిశోధనాలయంలో ఇరవై ఆరేళ్లుగా అదే పని. ఏ దేశం తన జనానికి పనితనం ఎంత బాగా నేర్పుతోందో చెప్పే వరుస పట్టిక రెండేళ్లకోసారి ఆమె బల్ల మీదికి వస్తుంది. అందులో ఏ అంకెకు ఎంత బరువిచ్చారో చూసి, ఆ బరువులను కొద్దికొద్దిగా మార్చి, వేలసార్లు మళ్లీ లెక్క కడుతుంది. ఎంత కుదిపినా కదలని స్థానాన్ని నమ్మొచ్చు. కదిలితే ఆ మాట చెప్పాలి.

పోయినసారి ఒకటి కదిలింది. బాల్టిక్ తీరాన చిన్న దేశం. పని నేర్చుకున్నవాళ్లలో ఎందరికి కొలువు దొరికిందో అక్కడి నుంచి అంకె రాలేదు. అలాంటి చోట ఖాళీ వదలరు, పొరుగు దేశాల సగటు పెడతారు. జిసెల్లా పెట్టింది. పట్టికలో ఆ దేశం పందొమ్మిదోది. కుదిపితే పదకొండు నుంచి ఇరవై ఒకటి దాకా ఊగింది.

పరిశోధనాలయం పెద్దాయనకు మొదటి పేజీ నున్నగా ఉండాలి. ఆ రోజు ఆమెకు వాదించే ఓపిక లేదు. "చాలా దేశాలు రెండు స్థానాలకు మించి కదలవు" అని రాసింది. అబద్ధం కాదు. ఊగిన దేశం నలభై మూడో పేజీలోకి, చిన్న అక్షరాల్లోకి వెళ్లింది.

ఈ వసంతంలో ఉత్తరం వచ్చింది. రాసినవాడు ఆ దేశపు ఇల్మార్స్, ఇటుక పొయ్యిలు కట్టడం నేర్పే మాస్టారు. పందొమ్మిదో స్థానం చూపించి ప్రభుత్వం అతని బడి మూసేసింది.

"మా దగ్గర నేర్చుకున్న అందరికీ పని దొరికింది. మమ్మల్నెవరూ అడగలేదు. మరి ఆ అంకె ఎవరిదండీ?"

ఆమె ఉత్తరాన్ని సొరుగులో పెట్టింది. మూడు వారాలు సొరుగు తెరవలేదు.

కొత్త పట్టిక మీద సంతకం చేయాల్సిన రోజు పక్క గది తార్చీజియో కాఫీ పట్టుకొని వచ్చాడు.

"ఇంకా కుదుపుతున్నారా డాక్టరమ్మా? పాపం, దేశాలకు కళ్లు తిరుగుతాయి."

"పోయినసారి పట్టికలో నలభై మూడో పేజీ చదివావా?"

"నలభై మూడా! మా అమ్మ నా థీసిస్ అట్ట కూడా దాటలేదు."

ఆమె నవ్వలేదు. "అందుకే అక్కడ పెట్టాను."

"పద్ధతే కదా. అందరం అలాగే పెడతాం."

"పద్ధతే. ఎవరూ చదవరని తెలిసే పెట్టాను."

తార్చీజియో గొంతు తగ్గించాడు. "ఇప్పుడు ముందుకు తెస్తే పెద్దాయన మండిపడతాడు. పాత పట్టికకూ విలువ పోతుంది."

"పోనీ. ఆ బడి పోయింది."

మొదటి పేజీలో, ప్రతి స్థానం పక్కనా అది ఎంత ఊగుతుందో రాసింది. కింద, పోయినసారి పందొమ్మిదో స్థానం నమ్మదగింది కాదని, ఆ సంగతి దాచినంత పనైందని రాసి సంతకం చేసింది.

తర్వాత సొరుగు తెరిచింది. "ఆ అంకె మీది కాదు. నేను పెట్టింది," అని మొదలుపెట్టింది. మొదటి పేజీ నకలు జతచేసింది. బడి మళ్లీ తెరుస్తారా అన్న దగ్గర కలం ఆగింది. అది ఆమెకు తెలియదు. ఏదో ఒకటి రాస్తే అతనికి కాస్త ఊరట.

ఆ చోటు ఖాళీగా వదిలింది.