అక్కయ్యకి పడిన నీలం

మా తోడికోడలు పోయిందని భవానీపురం నుంచి బావగారు ఫోన్ చేసినప్పుడు నేను దోసెలు పోస్తున్నాను. "అమ్మాయ్, మీ అక్కయ్య తెల్లారేసరికి వెళ్ళిపోయిందమ్మా" అన్నారు. అయ్యో అన్నాను, స్టవ్ కట్టేశాను, కుర్చీలో కూలబడ్డాను. ఇంతవరకూ అందరూ చేసేదే. ఆ తరవాత నా మనసులోకి వచ్చిన మొదటి మాట చెప్పడానికే సిగ్గుగా ఉంది. మరి నీలం ఎవరికి?

ఛీ అనుకుంటున్నారు కదూ. అనుకోండి, నేనూ అనుకున్నాను. కానీ ముప్ఫయ్యేళ్ళు ఆవిణ్ణి చూసి కుళ్ళుకున్నదాన్ని, ఇప్పుడు తీపి మాటలు నాలుగు రాసి సరిపెడితే పైనుంచి అక్కయ్యే నవ్వుతుంది.

ఆ నీలం అలాంటిలాంటిది కాదు. మా మామగారి తండ్రి రంగూన్‌లో వ్యాపారం చేసి తెచ్చిన నక్షత్ర నీలం. పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. నీడలో చూస్తే బూడిదరంగు గోళీ, అంతే. ఎండలో పెడితే మాత్రం లోపలినుంచి ఆరు కిరణాల నక్షత్రం లేచి పైకి వస్తుంది. రాయిని కదిపితే అదీ కదులుతుంది. ఒకసారి విజయవాడ వన్‌టౌన్‌లో ఓ నగల వ్యాపారికి చూపిస్తే కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. "నా కొట్టు మొత్తం రాసిచ్చినా దీనికి చాలదండీ, ముందు భద్రంగా ఇంటికి తీసుకెళ్ళండి" అన్నాడు.

మా వైపు నీలం అంటే భయం. శనిగ్రహం రాయి, అందరికీ పడదు. వారం రోజులు తలగడ కింద పెట్టుకుని చూడాలి. ఆ వారంలో చెడు జరగకపోతే పడినట్టు. మేమంతా పామర్రులో కలిసి ఉన్న రోజుల్లో మా అత్తగారు కోడళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "చెరో వారం పెట్టుకోండి. ఎవరికి పడితే వాళ్ళది. ఇద్దరికీ పడకపోతే తీసుకెళ్ళి కృష్ణలో కలిపేస్తా. నా కొంపకి అరిష్టం వద్దు."

మొదటి వారం నాది. నాలుగో రోజున మా ఆయన హనుమాన్ జంక్షన్ దగ్గర స్కూటర్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. పిండికట్టుతో ఆయన గుమ్మంలోకి రాకముందే అత్తగారు నా తలగడ ఎత్తేసింది. "నీకు పడలేదే అమ్మాయ్" అంది. మొగుడు మంచంలో మూలుగుతుంటే నేను ఏడ్చింది సగం రాయి కోసమే.

రెండో వారం అక్కయ్యది. ఏమీ జరగలేదు. పైగా ఆషాఢమని చేతికి గోరింటాకు పెట్టి గుడ్డ చుట్టుకుని మహారాణిలా కూర్చుంది. "ఎర్రగా పండాలి అత్తయ్యా" అని రెండ్రోజులకోసారి కొత్తగా పెట్టుకునేది. చెయ్యి ఖాళీ లేదని అత్తగారు అన్నం కలిపి ముద్దలు నోట్లో పెట్టేది. ఎన్నడూ నాకు ఒక్క ముద్ద పెట్టని మనిషి! నా కళ్ళు కుట్టాయి. వారం తిరగగానే రాయి పట్టుకుని పుట్టింటికి వెళ్ళి నెల్లాళ్ళు ఉండి వచ్చింది. రాయిని గొప్పగా చూపించుకోడానికి వెళ్ళిందనుకున్నాను.

ఆ తరవాత వాళ్ళు భవానీపురంలో ఇల్లు కట్టినా, వాళ్ళబ్బాయికి ఉద్యోగం వచ్చినా, చివరికి వాళ్ళ కుండీలో మల్లె విరగబూసినా నీలం వల్లే అనుకునేదాన్ని. మా ఇంట్లో గ్యాస్ అయిపోయినా నీలం లేకపోబట్టే. నేను ఎప్పుడు వెళ్ళినా కాఫీ ఇచ్చి, పాత పౌడరు డబ్బాలోంచి రాయి తీసి బాల్కనీలోకి లాక్కెళ్ళేది. కుడి అరచేతిలో పెట్టి ఎండకి పట్టేది. ఆ అరచేతిలో వెడల్పాటి మచ్చ ఒకటుండేది, సరిగ్గా దాని మీద నక్షత్రం నిలబడేది. "ఇదేమిటి అక్కయ్యా" అంటే "చిన్నప్పుడెప్పుడో కాలిందిలే" అనేది. తరవాత రాయి నా చేతిలో పెట్టేది. "పట్టుకో చెల్లాయ్, కరవదులే." నాకు ఒళ్ళు మండిపోయేది. పట్టుకునేదాన్ని కూడా. తిరిగి ఇవ్వమని ఎప్పుడూ తొందరపెట్టలేదు, అది ఒప్పుకోవాలి.

పెద్దకర్మ అయ్యాక బావగారు నన్ను పక్కకి పిలిచారు. చేతిలో ఆ పౌడరు డబ్బా.

"ఒక సంగతి చెప్పాలమ్మా. అప్పుడు తన వారంలో మూడో రోజున మీ అక్కయ్య కాలే పెనాన్ని పొరపాటున అరచేత్తో పట్టుకుంది. తోలు ఊడొచ్చింది."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "మరి గోరింటాకు?"

"ఏం గోరింటాకు! వేళ్ళకి కాస్త పులిమి, అరచేతికి మందు రాసి గుడ్డ చుట్టేవాణ్ణి. అమ్మకి చెప్పవే, కృష్ణలో కలిపితే కలిపింది అని నేనంటే, మరి నాక్కావాలిగా అంది."

నాక్కావాలిగా! ముప్ఫయ్యేళ్ళు ఆవిడ అదృష్టవంతురాలని ఏడ్చాను. ఆవిడా నాలాగే ఆ రాయి మీద ఆశతో చచ్చింది, కాకపోతే కాలిన చేత్తో నోరు మూసుకుని కూర్చోగలిగింది. నాకు ఇప్పుడు ఆ గుండెను చూసి అసూయ. ఆ మచ్చను చూసీ అసూయే.

"మావాడికి ఈ రాళ్ళ నమ్మకాలు లేవు. చెల్లాయికి ఇంకో వారం ఇవ్వండి, పడితే దానిదే అని మీ అక్కయ్య చెప్పి పోయింది" అన్నారు బావగారు. "పడకపోతే అమ్మ అన్నట్టే కృష్ణలో కలిపేద్దాం. ఇంకో మాట కూడా చెప్పమంది. పాపం అప్పుడు మొగుడి కాలు విరిగింది, దాన్నెక్కడ దాస్తుంది? ఈసారి ఏం జరిగినా నోరు మూసుకోమనండి, అంది."

ఇద్దరం ఆ ఏడుపులోనే నవ్వాం.

ఇవాళ ఆరో రోజు. నిన్న మెట్ల మీద జారాను, మోకాలు బూరెలా పొంగింది. మా ఆయన "ఏమిటా కుంటడం" అన్నారు. కాలు తిమ్మిరెక్కిందన్నాను. బావగారు పత్రికలు చదవరు గనక మీకు చెబుతున్నాను.

ఇందాక ఆయన ఫోన్ చేశారు. "అంతా బాగానే ఉందా అమ్మాయ్?"

"బ్రహ్మాండంగా ఉందండీ బావగారూ" అన్నాను, బాల్కనీలో ఒంటికాలి మీద నిలబడి. రెండో చేతిలో, మచ్చలేని నా అరచేతిలో, ఎండకి నక్షత్రం లేచింది.