తమ్ముడి కంటికి అందని ఎరుపు

పోచంపల్లిలో మా ఇంట్లో రెండు మగ్గాలుండేవి. నాయన నేసేవాడు. నూలుకు రబ్బరు ముక్కలు కట్టి రంగుల్లో ముంచడం అమ్మ పని. బడి నుంచి వచ్చాక నేనూ తమ్ముడూ నూలు కండెలు అందించేవాళ్లం. ఎర్ర కండె అడిగితే వాడు ఆకుపచ్చది తెచ్చేవాడు. "కండ్లు ఏడ వెట్టుకున్నవ్‌రా?" అని అమ్మ వీపు మీద చరిచేది. అట్లా చాలా దెబ్బలు తిన్నాడు. చివరికి ఈ పని తనకు రాదని వాడే అనుకుని చదువులో పడ్డాడు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నాకు నల్గొండ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఉద్యోగం దొరికింది. తమ్ముడు నా కిరాయి గదిలోనే ఉండి రైలు డ్రైవర్ పరీక్షకు చదివాడు. రాత పరీక్ష గట్టెక్కితే అమ్మ వాడకట్టంతా చక్కెర పంచింది. ఆ తర్వాత కంటి పరీక్షలో రంగు చుక్కల మధ్య ఉన్న అంకె చదవమన్నారు. వాడికి అక్కడ అంకే కనపడలేదు. ఉద్యోగం పోయింది.

అమ్మ నమ్మలేదు. ముగ్గురం కలిసి కంటి దవాఖానకు వెళ్లాం. వాడికి ఎరుపూ ఆకుపచ్చా వేరుగా తెలియవనీ, పుట్టుకతోనే ఉందనీ, మందు లేదనీ డాక్టరు చెప్పాడు. "ఇది తల్లి నుంచి కొడుకులకు వస్తదమ్మా" అని మామూలుగా అనేశాడు.

ఇంటికొచ్చాక అమ్మ అన్నం ముట్టలేదు. "కనవడకనే తెచ్చిండు బిడ్డా. నేను కొట్టిన" అని నా చేయి పట్టుకుని ఏడ్చింది.

నాకు తెలిసింది చెప్పాను. రాక్షసబల్లులు పగటిని ఏలిన కాలంలో మన పూర్వీకులు ఎలుకంత జీవులు. భయంతో చీకట్లోనే తిరిగేవి. చీకట్లో రంగులతో పనేముంది? తరతరాలుగా వాటి కళ్లు కొన్ని రంగులను పోగొట్టుకున్నాయి. ఆవుకూ కుక్కకూ ఇప్పటికీ ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. చాలా కాలానికి, పగలు చెట్ల మీద తిరిగే కోతుల్లో, రంగును పట్టే జన్యువొకటి రెండయింది. రెండోది కాస్త మారింది. అప్పుడే ఆకుల్లో పండు వేరుగా కనిపించింది. ఆ రెండు జన్యువులూ పక్కపక్కనే ఉంటాయి, దాదాపు ఒక్కలాగే ఉంటాయి. అందుకే బిడ్డకు అందేటప్పుడు ఒక్కోసారి తారుమారవుతాయి. ఆడవాళ్లకు ఆ జత రెండుసార్లు ఉంటుంది కనుక ఒకటి చెడినా రెండోది కాస్తుంది. మగపిల్లలకు ఒక్కటే.

"నీ తప్పేం లేదమ్మా. ఇది కోట్ల ఏండ్ల కిందటి ముచ్చట" అన్నాను.

అమ్మ అంతా విన్నది. "గంత పాతదైతే నా కడుపులకే రావాల్నా బిడ్డా?" అని అడిగింది.

తమ్ముడు నల్గొండలో సెల్‌ఫోన్ల దుకాణంలో కుదిరాడు. అమ్మను ఏనాడూ ఏమీ అనలేదు. అయినా వాడు ఇంటికొస్తే అమ్మ వాడి ముఖం చూడలేక వంటింట్లోకి పోయేది. "అమ్మా, జర నా దగ్గర కూసో" అని వాడు బతిమాలేవాడు. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచేది కాదు.

పోయిన ఎండాకాలం గుండె ఆగి అమ్మ పోయింది. ముత్తయిదువగా పోయింది కనుక ఎర్రచీర కట్టాలన్నది పెద్దమ్మ. పెట్టెలోంచి తానే తెస్తానని తమ్ముడు లేచాడు. ఎంతకీ రాలేదు. వెళ్లి చూస్తే ముదురు రంగు చీరలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. ఒకటి ఎత్తి నాకు చూపించాడు.

"అక్కా, గిది ఎర్రదే గదా?"

అది ఆకుపచ్చది.

"ఎర్రదేరా" అన్నాను.

పెద్దమ్మ ఆ చీర చూసి ఏదో అనబోయింది. నాయన వద్దన్నట్టు చేయి ఎత్తాడు. ఆ చీరే కట్టాం. తమ్ముడు అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని, అంచు సర్ది, "ఎర్రచీరల మంచిగున్నవమ్మా" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. మా ఇంట్లో ఎవరమూ వాడికి ఇంతవరకూ చెప్పలేదు.