అక్క పేరు మీద యారాలి గుండె

పంజాగుట్టలో నేను పనిచేసే ఆసుపత్రిలో రోగుల వివరాలన్నీ కంప్యూటర్లోనే ఉంటాయి. కొత్త మందును పరీక్షించేటప్పుడు అది ఎవరికి ఇవ్వొచ్చో వాటిలోంచి వెతికి డాక్టర్లకు చెప్పడం నా పని. రొమ్ము కాన్సర్ మందొకటి వచ్చినప్పుడు నేను వెతికింది నిజానికి ఒక్క పేరు కోసమే. మా అక్క. మామూలు మందులు ఆమెకు పనిచేయడం మానేశాయి.

అక్క పేరు రాలేదు. ఆమె రికార్డు తెరిచి చూస్తే గుండె దెబ్బతిన్న మనిషని ఉంది. మూడో కాన్పు తర్వాత ఆయాసంతో చేరిందట. అక్కకు పిల్లలు ఇద్దరే. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ కాన్పు అక్క యారాలిది, అంటే బావ తమ్ముడి భార్యది. అతను అమీర్‌పేటలో టైలరు, ఇన్సూరెన్స్ లేదు. బావకు కంపెనీ కార్డుంది. అందుకని ఆమెను అక్క పేరు మీద చేర్పించారు. మావాళ్ళలో దీన్ని ఎవరూ తప్పనుకోరు, పక్కింట్లో చక్కెర అడిగి తెచ్చుకున్నట్టే.

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని తెలిసినా, ఆ పరీక్ష చూసే డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఇప్పుడు గుండె బాగున్నా సరే, పాత జబ్బుంటే ఈ మందు ఇవ్వకూడదు. అది ఆమెది కాదని మీ బావగారు రాసిస్తే చూద్దాం," అన్నారాయన.

శ్రీనగర్ కాలనీలో వాళ్ళింటికి వెళ్ళి అడిగాను.

"రాసిస్తే కంపెనీకి తెలుస్తది, నౌకరి పోతది," అన్నాడు బావ.

"మనిషి పోతే?" అన్నాను.

మంచం మీంచి అక్కే అందుకుంది. "జర ఊకో చెల్లె. నేను పోతే ఒక్కదాన్నే పోత. నౌకరి పోతే పిల్లల సదువు పోతది. ఆమెను చేర్పియ్యమన్నది సుత నేనే."

వంటింట్లో అక్కకు జావ కాస్తున్న యారాలు అంతా వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు జాలి కలగలేదు.

అక్క ఆ వానాకాలం దాటలేదు.

ఈమధ్య వేరే డాక్టరు ఇంకో పరిశోధన మొదలుపెట్టారు, గుండె జబ్బున్న ఆడవాళ్ళకు కాన్సర్ వస్తే ఎంతకాలం బతుకుతున్నారని. వెతికితే ఈసారి అక్క పేరు వచ్చింది.

"కాన్పు నుంచి చివరిదాకా అన్నీ ఉన్నాయి. ఇంత పూర్తి రికార్డు దొరకడం కష్టం," అని ఆయన సంతోషపడ్డారు.

పేర్లు చెరిపి నంబర్లు వేయడం కూడా నా పనే. అక్క పేరు చెరిపేశాను. గుండె జబ్బును మాత్రం ముట్టుకోలేదు. దాన్ని తీసేస్తే కారణం రాయాలి. అక్క చిన్నకూతురు ఈ ఏడే కాలేజీలో చేరింది.